బోణీ రక్తం

"ఈ డబ్బాకి మా ల్యాబులో సోటు లేదండీ," అంది గంగాభవాని, తలైనా ఎత్తకుండా.

ఆమె డబ్బా అన్నది సన్యాసిరాజు రైల్లో ఒళ్లో పెట్టుకుని పసిబిడ్డలా తెచ్చిన గ్లూకోజ్ మెషిన్‌ని. అతను కంపెనీ సర్వీస్ ఇంజినీరు, సొంతూరు ఎలమంచిలి. జగదాంబ సెంటర్ దగ్గర ఓ నర్సింగ్ హోమ్‌లో దాన్ని బిగించడానికి వచ్చాడు. ఆమె అక్కడి టెక్నీషియను.

"రక్తం చుక్క ఏస్తే నిమిషంలో షుగరెంతో అంకె వచ్చేస్తాదండీ. మీలాగ ట్యూబులు మరగబెట్టి, ఆకుపచ్చ రంగు ఎంత సిక్కబడిందో సూసుకోనక్కర్లేదు."

"అయితే నానూ అక్కర్లేదన్నమాట."

"మీరు లేకపోతే మెషిన్‌కి రక్తం ఎవరు తీసిస్తారండీ?"

భవానికి నవ్వొచ్చింది. కానీ కొత్తవాడి ముందు అంత తొందరగా నవ్వే రకం కాదు.

పేరుకే సన్యాసి. చూపులు చూస్తే సంసారి లక్షణాలన్నీ కనిపిస్తున్నాయి. మెషిన్ మొదటి వారంలోనే చక్కగా పనిచేయసాగింది. అయినా బిగించాల్సిన స్క్రూ ఏదో ఒకటి రోజూ అతనికి దొరుకుతూనే ఉంది.

అతనికో అలవాటుంది. ఎక్కడ మెషిన్ పెట్టినా పొద్దున్నే బోణీ తన రక్తంతోనే. అది సరిగ్గా వస్తేనే పేషెంట్ల వంతు. టిఫిన్ కూడా తినకుండా వచ్చి చెయ్యి చాపేవాడు. ఎర్రటి అంకెలు రోజూ తొంభైకి అటూ ఇటూ వెలిగేవి.

"సూది పొడిపించుకోడానికి ఇంత సంబరపడే మనిషిని నానెక్కడా సూడలేదు," అనేది భవాని.

"పొడిసే సెయ్యిని బట్టి ఉంటాదండీ."

అలా పొడిపించుకుంటూనే ఓ రోజు అడిగేశాడు. "ఆదివారం మా అమ్మ మీ ఇంటికొస్తానంటంది. ఏటంటారు?"

భవాని దూది నొక్కిపెట్టి, "ఆలోసిస్తాను," అంది. దూది మాత్రం అవసరమైన దానికంటే చాలాసేపు నొక్కి ఉంచింది.

ఆ సాయంత్రం వాన దంచేసింది. తడిసిన జడ పిండుకుంటూ భవాని ల్యాబులోకి వచ్చేసరికి సన్యాసిరాజు మెషిన్‌లో చక్కెరని కొలిచే ఎలక్ట్రోడుకి కొత్త ఎంజైమ్ పొర బిగిస్తున్నాడు. ఉల్లిపొరకంటే పల్చన అది. కళ్లన్నీ దానిమీదే ఉండాలి. లేవు.

మర్నాడు పొద్దున బోణీ చేస్తే అంకె నూట తొంభై.

మళ్లీ వేశాడు. నూట తొంభై. మెషిన్‌ని సరిచూసే ద్రావణం వేశాడు. అది మాత్రం ఎంత రావాలో అంతే వచ్చింది. సన్యాసిరాజు కుర్చీలో కూలబడ్డాడు.

"మెషిన్ తప్పేమో?" అంది భవాని.

"నా మెషిన్ అబద్ధం ఆడదండీ. నాకు షుగరొచ్చేసింది." మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. "అమ్మని రావద్దని సెప్పేస్తాను. తెలిసి తెలిసి మీ గొంతు కొయ్యలేను."

భవానికి ఒళ్లు మండింది. "మా నాన్నకి రోజూ ఇన్సులిన్ పొడిసేది నానే. షుగరొచ్చిందని మా అమ్మేటి ఇల్లొదిలి పారిపోయిందా? పోర్టులో క్రేన్ ఎక్కడం ఆయన మానేసేరా? ఎవరి గొంతు తెగింది? అసలు ఆ అంకె నమ్మడానికి మీకెంత తొందర!"

అతని రక్తం మిగిలిన ట్యూబు తీసుకుంది. పాత పద్ధతిలో మందు కలిపి, మరుగుతున్న నీళ్లలో పెట్టింది. ముక్కు పగిలే ఘాటు లేచింది. "ఇక్కడే కూకోండి," అని చెప్పి, రిసెప్షన్‌లో ఫోన్ చేసి వచ్చింది. ఎవరికని అడిగే ఓపిక అతనికి లేదు.

ట్యూబులో రంగు లేత ఆకుపచ్చ దగ్గరే ఆగిపోయింది. రంగు చిక్కదనం కొలిచే కలరీమీటర్లో చూస్తే తొంభై రెండు.

"రాత్రి ఏటి మింగేరు?"

"వానలో తడిసి జ్వరమొచ్చిందండీ. మాత్రలేసుకున్నాను. తెల్లారి కూడా..." అంటూనే లేచి ఎలక్ట్రోడు విప్పాడు. పొర ముడతపడి ఓ మూల చిరిగి ఉంది. ఆ సందులోంచి జ్వరం మాత్ర మందు కూడా లోపలికి దూరింది. ఎలక్ట్రోడు పాపం దాన్నీ చక్కెర కిందే లెక్కేసింది. సరిచూసే ద్రావణంలో మాత్ర మందు లేదు గనక దాని అంకె సరిగ్గానే వచ్చింది.

"నిన్న ఇది బిగించినప్పుడు కళ్లెక్కడున్నాయి?"

సన్యాసిరాజు ఆమె జడకేసి చూశాడు. ఈసారి భవాని నవ్వేసింది. అతనికి ప్రాణం లేచొచ్చింది.

"అయితే మీ నాన్నగారితో సెప్పండి, అబ్బాయికి షుగర్ లేదని."

"ఉందని సెప్పేసేను కదండీ."

"ఎప్పుడు?"

"ఇందాకే, ట్యూబు మరుగుతుండగా. పోర్టుకి ఫోన్ సేసి, 'నాన్నా, అతనికి షుగరుంది, అయినా నానతన్నే సేసుకుంటాను' అన్నాను."

మెషిన్‌ని అన్నిసార్లు నమ్మాను గానీ, ఈ పిల్లని ఒక్కసారి నమ్మలేకపోయానే అనుకున్నాడు సన్యాసిరాజు.

"ఆయనేటన్నారు?"

"'ఇంట్లో నాకో తోడు దొరికేడు, రమ్మను' అన్నారు."

ఆదివారం సన్యాసిరాజు తల్లి జోగమ్మ పళ్లూ పూలూ పట్టుకుని కొడుకుతో భవాని ఇంటికి వచ్చింది. భవాని తండ్రి గురునాథరావు ఎదురొచ్చి, కాబోయే అల్లుణ్ణి తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. భవాని టీ తెచ్చింది. మొదటి గుక్కలోనే సన్యాసిరాజుకి తెలిసింది, పంచదార పలుకైనా లేదు. నిజం ఆమె ఇంకా తండ్రికి చెప్పనేలేదు.

"అలవాటైపోతాది బాబూ, నాను తాగట్లేదా?" అని గురునాథరావు అతని భుజం తట్టాడు.

తలుపు పక్కన భవాని చీర కొంగు నోటికడ్డం పెట్టుకుంది. సన్యాసిరాజు ఆమెనే చూస్తూ చివరి చుక్క దాకా తాగి, గ్లాసు ముందుకు చాపాడు.

"సాలా బావుందండీ. ఇంకో గ్లాసు ఇప్పించండి."