ఆ జవాబు తీసెయ్యొద్దు

పొద్దున్నే కూరగాయలు తరుగుతూ తల్లి మళ్లీ అదే మాట ఎత్తింది.

"ఆ రెండు ముక్కలూ తీసేస్తే నీ సొమ్మేం పోతుందే? ఒక్క నొక్కుతో పోయేదానికి ఇంత బెట్టా?"

కూతురు కంప్యూటర్ మీంచి తల తిప్పలేదు. ఫ్రిజ్ మెకానిక్‌ల ఆన్‌లైన్ చర్చావేదికను ఆమే చూసుకుంటుంది. పాత చర్చలు చెరపకూడదన్న నియమం పెట్టిందీ ఆమే.

రాగి గొట్టాల్లో లీకు పరీక్షించడానికి నైట్రోజన్ దొరక్కపోతే వెల్డింగ్ ఆక్సిజన్ ఎక్కించినా ఫర్వాలేదని తండ్రి అందులో రాశాడు. అందరూ మేస్త్రిగారని గౌరవించే మనిషి. దాని కిందే కొడుకు, "ముసలాయనకు మతి పోయింది. కంప్రెసర్ నూనెకు ఆక్సిజన్ తగిలితే పేలుతుంది. ఎవరూ వినకండి" అని రాశాడు. అతనుండేది అదే ఇంటి మేడ మీద. అప్పటినుంచి తండ్రీ కొడుకులకు మాటల్లేవు.

ఆ ఉదయం కొడుకు కిందికి దిగి వచ్చాడు.

"అక్కా, నాది తీసెయ్. కన్నతండ్రినే అంత మాటన్నావా అని షాపులో పొడుచుకు తింటున్నారు."

"మెట్లు దిగొచ్చి చెప్పాల్సింది లోకమంతా చూసేలా రాశావు. ఇప్పుడు నా మీద పడతావేంరా?"

"తప్పే. కోపం ఆగలేదు."

"ఇద్దరివీ తీసెయ్యవే, పీడా పోతుంది," అంది తల్లి.

"వద్దు."

గుమ్మంలో తండ్రి నిలబడి ఉన్నాడు.

"నన్నెవరూ అడగరేం? నేను రాసింది చదివి ఎవడో ఈపాటికి సిలిండర్ తెచ్చుకునుంటాడు. పని మొదలెట్టే ముందు ఇంకోసారి చూద్దామని వస్తాడు. అక్కడేమీ లేకపోతే గుర్తున్నదే చేస్తాడు. వాడికి గుర్తుండేది నా మాటే కదా!"

తల్లి కత్తి పక్కన పెట్టింది.

"పోనీ, నా తిట్టొక్కటీ తీయిద్దాం నాన్నా," అన్నాడు కొడుకు నేల చూస్తూ.

"ఆ తిట్టు తగిలే కదరా నేను ఆగి ఆలోచించింది! మర్యాదగా రాసుంటే, వీడికేం తెలుసులే అని దాటేసేవాణ్ణి."

కూతురు లేచి కుర్చీ ఇచ్చింది. తండ్రి తను ముందు రాసినదాని చివరే ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశాడు. 'నేను రాసింది తప్పు. కింద ఉన్నదే సరైనది. అది రాసినవాడు నా కొడుకు.'

భుజం మీంచి చదువుతున్న కొడుకుకు చివరి మాట మసకబారింది. చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు.

"మతి పోయిందన్నావే, దానికి మాత్రం ఇక్కడ జవాబు రాయను," అన్నాడు తండ్రి వెనక్కి తిరక్కుండా. "కూర్చో. అది మనిద్దరం ఇంట్లో తేల్చుకుందాం."