గాజు పడవ ఎక్కిన రాములమ్మ

అండమాన్‌లోని హేవలాక్ దీవిలో పొద్దున్నే ఎండ చుర్రుమంటోంది. హోటల్లో టిఫిన్ల దగ్గర అందరూ ప్లేట్లు పట్టుకుని తిరుగుతుంటే, రాములమ్మ మాత్రం మనవరాలిని చంకనేసుకుని కొబ్బరిచెట్ల కింద విడిగా ఓ బల్ల దగ్గర కూర్చుంది.

"అత్తా, ఆడ యాల కూర్చున్నావు? ఈడికి రా," అని పిలిచింది కోడలు ఇందు.

"వద్దులే మేడమ్మా. మీరు తినండి. పాపను నేను సూసుకుంటాండాను కదా."

మేడమ్మ! ఇందు చేతిలో ఇడ్లీ ముక్క చేతిలోనే ఉండిపోయింది. పెళ్లయిన నాటి నుంచి పేరు పెట్టి నోరారా పిలిచే అత్త నోట ఈ మాటేంటి?

"మా అమ్మకు సముద్రపు గాలి సోకినట్టుండాది," అని నవ్వేశాడు అజయ్. పాపం, ఆ మనిషికేం తెలుసు! ఇందుకు మాత్రం వెంటనే తట్టింది. అయితే నిన్నటి మాట అత్త విన్నదన్నమాట.

నిన్న సాయంత్రం అజయ్ నోటికి గొట్టం తగిలించుకుని చేపలు చూడ్డానికి నీళ్లలోకి దిగాడు. పక్క గదిలో దిగిన శాంతకుమారి అనే ఆవిడ బీచ్‌లో ఇందుతో మాట కలిపింది. కాస్త దూరంలో రాములమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని పాపను అలల్లో ఆడిస్తోంది.

"మీ ఆయాకి భలే ఓపికండీ. ఊరి నుంచే తెచ్చుకున్నారా? మంచి పని చేశారు," అంది శాంతకుమారి.

"మా అత్త" అని రెండు ముక్కలు అంటే సరిపోయేది. కానీ ఆవిడ నగలు, మాటతీరు చూసి, ఎండకు కమిలిన అత్త చేతులు, రబ్బరు చెప్పులు చూసి, ఇందు నోరు పెగల్లేదు. నవ్వి ఊరుకుంది. నవ్వితే ఒప్పుకున్నట్టే కదా!

పెద్దపంజాణి చుట్టుపక్కల టమోటా తోటల్లో కూలి చేసి అజయ్‌ను చదివించిన మనిషి రాములమ్మ. కొడుకు సముద్రం చూపిస్తానన్నాడని పుంగనూరులో వీధంతా చెప్పుకుని మరీ బయల్దేరింది. ఇందు మాత్రం ఏ జమీందారు బిడ్డని? వాళ్లమ్మదీ అదే కూలి. బ్యాంకు ఉద్యోగం వచ్చాక మెడలో వేలాడే గుర్తింపు కార్డు ఆ సంగతి మరిపించింది, అంతే.

టిఫిన్లయ్యాక రేవుకు వెళ్లారు. అక్కడ ఎక్కాల్సింది అడుగున గాజు పలక ఉండే పడవ. కూర్చున్నచోటి నుంచే పగడాలు, రంగురంగుల చేపలు చూడొచ్చు. అజయ్ అందరికీ టికెట్లు తీశాడు. శాంతకుమారి కొడుకును వెంటబెట్టుకుని అక్కడికే వచ్చింది.

"మా బాబుకు పడవంటే వాంతులండీ. మీ ఆయా ఎలాగూ ఒడ్డునే ఉంటుందిగా, వీణ్నీ కాస్త చూడమనండి. ఊరికే వద్దులెండి, చేతిలో ఏదైనా పెడతాం."

"ఆయా ఎవరండీ?" అజయ్ మొహం ఎర్రబడింది.

రాములమ్మ కొడుకు వైపు చూడనే లేదు. "ఇయ్యండమ్మా, సూసుకుంటా," అని ఆ పిల్లవాడికి చేయి చాపింది. "మీరు పోయిరాండి మేడమ్మా," అంది ఇందుతో. ఆ గొంతులో కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండేది.

"ఆమె ఆయా కాదండీ!" ఇందు గొంతుకు రేవులో జనమంతా తిరిగి చూశారు. "మా అత్త. ఈయన్ని కన్నతల్లి."

"అయ్యయ్యో! మరి నిన్న చెప్పలేదేంటండీ?"

"చెప్పలేదు. మీ ముందు చిన్నబోతానేమో అనుకున్నా. తప్పు నాదే." ఇందు అత్త చెయ్యి పట్టుకుంది. "నన్ను తిట్టత్తా. కొట్టినా పడతా. ఆ మేడమ్మ అనే మాట మాత్రం వద్దు."

"తిట్టేదానికేముండాది? ఆమె నన్ను ఆయా అనిందానికి నాకు బాధ లేదు. తెలీక అనింది. నువ్వు నవ్వినావు సూడు, అదే నాకు నిద్ర పట్టనీలేదు." రాములమ్మ కోడలి వైపు తిరిగింది. "మీయమ్మా నేనూ ఒకే తోటలో కాయలు కోసినోళ్లమే కదమ్మే. నా జాగాలో మీయమ్మ ఉండింటే, అప్పుడూ నవ్వింటావా?"

ఇందుకు దుఃఖం ఆగలేదు. నడిరేవులో, అందరూ చూస్తుండగా, చిన్నపిల్లలా భోరుమంది. అజయ్‌కు ఇప్పుడు సంగతంతా అర్థమైంది. భార్య వైపు చూసి ఏదో అనబోయి, తల్లి కళ్లెర్రజేస్తే ఆగిపోయాడు.

ఇందు పాపను ఎత్తుకుంది. "నువ్వు పో అత్తా. నీ కొడుకుతో పోయి అంతా సూసిరా. బిడ్డ నాకాడ ఉంటాది."

శాంతకుమారి తన కొడుకును తనే చూసుకుంటానని తలవంచుకుని పక్కకు తప్పుకుంది. రాములమ్మ పడవెక్కింది. ఎక్కీ ఎక్కగానే గాజు మీదికి వంగిపోయింది. పడవ తిరిగొచ్చేదాకా ఇందు ఎండలోనే నిలబడింది.

దిగీ దిగగానే రాములమ్మ నోటికి పట్టపగ్గాల్లేవు. "అబ్బబ్బ! పసుపు చేపలమ్మే, నీలం చేపలు! మన సీర అంచులన్నీ వాటిని సూసే నేసినట్టుండారు!" అంటూనే కోడలి మొహం చూసి ఆగింది. కొంగుతో ఆ కళ్లు తుడిచింది. చేతులు చాపింది.

"ఇట్లియ్యి పాపను. నువ్వూ పోయి సూసిరా. ఇప్పుడు నాకు నిన్నటి మాదిరి బరువనిపించదులే."