పుడ్డింగ్ చెప్పిన సాక్ష్యం

"ఇంకొంచెం! ఇంకొంచెం మాడనీ!"

వంటగది గుమ్మం దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని మినెకో కేకేసింది. ఆవిడ గిన్నెలోకి తొంగిచూడదు. పంచదార ఎంతవరకు మాడిందో వాసనతోనే కనిపెడుతుంది. పొయ్యి దగ్గర నిలబడ్డ కోడలు చిహారు పొగ కళ్ళల్లో పడుతున్నా ఓర్చుకుని, అత్తగారు "ఊఁ" అనగానే వేణ్ణీళ్ళు పోసింది. పాకం చుయ్యిమంది. అయిదేళ్ళుగా వాళ్ళ కొట్టు 'కమోమె'లో తెల్లవారేది ఈ చప్పుడుతోనే.

ఒనోమిచి రేవులో పడవ దిగి నాలుగడుగులు వేస్తే కమోమె వస్తుంది. కాఫీ ఎక్కడైనా దొరుకుతుంది. జనం ఇక్కడికి వచ్చేది పుడ్డింగ్ కోసం. "మినెకో సాన్ పుడ్డింగ్ ఒకటి" అని, గారు అన్నట్టు ఆ 'సాన్' తగిలించి, అడగనిదే వాళ్ళకు తోచదు. అయితే ఆ మినెకో సాన్ చేతులు వణకడం మొదలై చాలాకాలమైంది. గుడ్డు పగలగొడితే సగం పెంకు గిన్నెలోనే పడుతుంది. ఈ సంగతి ఇంట్లోవాళ్ళకు తప్ప పురుగుకు కూడా తెలియదు. పొద్దున్నే శుభ్రమైన ఏప్రన్ కట్టుకుని, రెండు చేతులూ దాని జేబులో దోపుకుని, కాఫీ బల్ల వెనక నిలబడి పొగడ్తలు అందుకోవడం ఆవిడ వంతు. చేయడం చిహారు వంతు.

ఆ రోజు టీవీవాళ్ళు వచ్చారు. 'మూడు గంటల తీర్పు' అనే ధారావాహిక తీసేవాళ్ళు. అందులో హీరో ఒక జడ్జి. నవ్వడం ఎరగని మనిషి. మధ్యాహ్నం మూడయ్యేసరికి కోర్టులోంచి జారుకుని ఎక్కడో ఒకచోట తీపి తింటాడు. నోట్లో పెట్టుకోగానే ఆయన బుర్రలో ఇంకో కోర్టు తెరుచుకుంటుంది. తిన్న తీపే మనిషంత ఎత్తయి బోనెక్కి సాక్ష్యం చెబుతుంది. కిందటి వారం బీన్సు ముద్ద కూరిన బన్ను బోనులో బోరుమని ఏడిస్తే, చిహారు మొగుడు సోయిచి పొట్ట పట్టుకుని చాప మీద దొర్లాడు.

అంతా సవ్యంగానే సాగుతుండగా, డైరెక్టర్ దగ్గర పనిచేసే హిరోసె అనే అమ్మాయి వచ్చి, "మినెకో సాన్, మీరు పుడ్డింగ్‌ను పళ్ళెంలోకి బోర్లించేది ఒక్కటి తీస్తామండీ. చేతులు దగ్గరగా కనిపించాలి" అంది.

మినెకో మొహంలో నెత్తురుచుక్క లేదు. "నాకు భుజం పట్టేసింది. చేతులు మా కోడలివి తీసుకోండి" అంది.

టీవీవాళ్ళకు అదేమంత వింత కాదు. మినెకో ఏప్రన్ చిహారుకు కట్టారు. మినెకో వెండి గడియారం విప్పి చిహారు మణికట్టుకు పెట్టారు. జడ్జి వేషం వేసిన నటుడుగారు ప్రతి టేకుకూ కొత్త పుడ్డింగ్ తినాలి కాబట్టి, మిగతా రోజంతా చిహారు ఫ్రిజ్ వెనక చెమటలు కక్కుతూ చేస్తూనే ఉంది. చివర్న ఆయన చేతులు జోడించి, ఇంత రుచి పెట్టినందుకు మినెకోకు వంగి వంగి నమస్కరించాడు. ఆవిడా వంగి అందుకుంది. చిహారు వంటగదిలోంచి అంతా చూసింది.

మర్నాడు పొద్దున్న ఆ గడియారాన్ని అత్తగారి టీ కప్పు పక్కన పెట్టింది.

"అత్తయ్యా, ఒక మాట. ఫుకుయామాలో హోటల్‌వాళ్ళు మిఠాయిల పనికి రమ్మంటున్నారు. నెలాఖరుకల్లా చెప్పమన్నారు. వెళ్దామనుకుంటున్నా."

మినెకో నమలడం ఆపింది. "నిన్న వాళ్ళు అంతలా మెచ్చుకుని వెళ్తే, ఇవాళ ఈ మాటా?"

"మెచ్చుకున్నది మిమ్మల్ని."

"ఎవర్ని మెచ్చుకుంటేనేం? కొట్టు మనదేగా!"

"కొట్టు మనదే. పేరు మీది. చేతులు నావి. ఈ ఇంటికి నా చేతులు చాలు, మొహం అక్కర్లేదు. అంతేగా అత్తయ్యా?"

"నేర్పిందెవరే నీకు?"

"మీరే. కాదన్నానా? కానీ ఈ అయిదేళ్ళలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఇవాళ బాగా కుదిరిందే పిల్లా అన్నారా? ఇంకొంచెం మాడనీ తప్ప మీ నోట ఇంకో మాట విన్నానా?"

మినెకో టీ కప్పు పక్కకు నెట్టింది. "చేతులు పోయాయి. నాకు మిగిలింది ఆ పేరొక్కటే. అది కూడా నువ్వే తీసుకో!" అని లేచి మేడమీదికి వెళ్ళిపోయింది.

సోయిచి మిసో సూప్ గిన్నె చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూశాడు. "ఓడలు కట్టే యార్డులో రోజంతా ఇనుము కోసుకుంటాను గానీ, మీ ఇద్దరి మధ్య కూర్చోలేనమ్మా" అని గిన్నె దించి పనికి పోయాడు.

తర్వాత ఇంట్లో మాటలు పొదుపుగా ఖర్చయ్యాయి. పాకం కాచేటప్పుడు కూడా మినెకో "ఊఁ" అని ఊరుకునేది. ఒకరోజు మెట్ల మీద కూర్చుని ఆవిడ గుసగుసగా ఫోన్ మాట్లాడటం చిహారు కంటపడింది. మామూలుగా ఫోనంటేనే గిట్టని మనిషి. చిహారును చూడగానే ఠక్కున పెట్టేసింది. తన చెల్లెలికి నా మీద చాడీలు చెబుతోంది కాబోలు అనుకుని చిహారు మనసు ఇంకాస్త రాయి చేసుకుంది. టీవీలో వచ్చాక జనం ఎగబడతారు, ఆ నాలుగు రోజులూ సాయం చేసి వెళ్ళిపోదామని నిశ్చయించుకుంది.

ఆ భాగం టీవీలో వచ్చే శనివారం రానే వచ్చింది. కమోమెలో కూర్చోవడానికి చోటు లేదు. పడవ నడిపి రిటైరైన కెప్టెన్ ఒకనో టీవీకి ఎదురుగా ఉన్న కుర్చీ పొద్దున్నే ఆక్రమించాడు. మినెకో ఎప్పటిలాగే చేతులు జేబులో పెట్టుకుని ఒక మూల నిలబడింది. సరిగ్గా మూడింటికి మొదలైంది.

తెర మీద జడ్జి కమోమె తలుపు తోశాడు. మినెకో మొహం కనపడగానే కొట్టంతా చప్పట్లు. వెంటనే వెండి గడియారం పెట్టుకున్న చేతులు పుడ్డింగ్‌ను నేర్పుగా బోర్లించాయి. అది పళ్ళెంలో ఒక్క ఊపు ఊగి నిలబడింది.

"ఆ చేతులు చూడండయ్యా! డెబ్బై దాటినా ఎంత నున్నగా ఉన్నాయో!" అన్నాడు కెప్టెన్.

చిహారు గబుక్కున చేతులు సింకులో ముంచేసింది.

జడ్జి ఒక చెంచా తిన్నాడు. కళ్ళు పెద్దవయ్యాయి. కోర్టు తెరుచుకుంది. ఇద్దరు పోలీసులు పసుపుపచ్చని పుడ్డింగ్ వేషంలో ఉన్న లావుపాటి మనిషిని నడిపించుకొచ్చారు. అడుగడుగుకీ ఊగిపోతున్నాడు. నెత్తిమీది పాకం టోపీ కళ్ళ మీదికి జారింది. కొట్టులో నవ్వులు.

"డ్యూటీలో ఉన్న జడ్జిని కంటతడి పెట్టించావు. నీ మీద మోపిన నేరం ఇదే. సాక్షీ, నిన్ను చేసిందెవరు?"

ప్రతి వారం అడిగే ప్రశ్నే. చిహారు కుళాయి కట్టేసి, చెయ్యి తుడుచుకోకుండా వింది.

"అయ్యా, అబద్ధమాడితే నేను విరిగిపోతాను" అన్నాడు పుడ్డింగ్. "నన్ను చేసింది ఆ ఇంటి కోడలు చిహారు. మీరు చూసిన చేతులూ ఆమెవే. అయిదేళ్ళుగా ఆమే చేస్తోంది."

కొట్టులో నవ్వులు ఆగిపోయాయి.

"మరి ఆ పెద్దావిడ?"

"వెనక కూర్చుని ఇంకొంచెం మాడనీ అంటుందయ్యా. చేతులు వణుకుతాయని దాచుకుంది. మెచ్చుకోవడం చేతకాక, ఇన్నాళ్ళూ కోడలికి రావలసిన పొగడ్తలన్నీ తనే ఉంచేసుకుంది. ఇవాళ్టి పుడ్డింగ్ బాగుందని కోడలికి చెప్పి రమ్మని నన్ను పంపింది."

జడ్జి సుత్తి కొట్టాడు. కళ్ళు తుడుచుకుని, ఖాళీ పళ్ళేనికి చేతులు జోడించి, తిన్నాక వండినవాళ్ళకు కృతజ్ఞతగా అందరూ చెప్పుకునే మాటే చెప్పాడు. "గోచిసోసమ."

ఊగిపోయే వేషంలో ఉన్న ఆ లావుపాటి మనిషిని చూస్తూ చిహారు వెక్కివెక్కి ఏడ్చింది. అత్తగారు తనకు మిగిలిన ఒక్క ఆస్తినీ, ఆ పేరునీ, ఊరందరి ముందూ కోడలి చేతిలో పెట్టేసిందని అర్థమై దుఃఖం ఆగలేదు.

మినెకో జేబులోంచి చేతులు బయటికి తీసింది. అవి అందరి ముందూ వణికాయి.

"కోర్టు భాగం ఇంకా తీయలేదంటే, ఆ హిరోసె అమ్మాయికి ఫోన్ చేసి బతిమాలాను. నా నోటితో చెప్పాలంటే సిగ్గేసింది. పుడ్డింగ్ చేత చెప్పించాను" అంది. తర్వాత కోడలికి ఎదురుగా నిలబడి నడుం వంచింది. "చిహారూ, ఇన్నేళ్ళూ నా పరువు మోశావు. నీ మేలు మరిచిపోనమ్మా."

"అయ్యో, లేవండి అత్తయ్యా!" చిహారు తడిచేతులతోనే ఆవిడ భుజాలు పట్టుకుంది. "మీరు నేర్పకపోతే ఈ చేతులకేం వచ్చు? నేనే మీకు దణ్ణం పెట్టాలి."

కెప్టెన్ గొంతు సవరించుకున్నాడు. "మినెకో సాన్, నిజం చెప్పమంటారా? అయిదేళ్ళ కిందట మీ పుడ్డింగ్ ఉన్నట్టుండి బాగుపడింది. అడిగితే మీరేమనుకుంటారోనని ఊరుకున్నా."

"ఏమిటయ్యా, అంతకుముందు బాలేదా?" మినెకో గయ్‌మంది. కొట్టంతా పకపకా నవ్వింది. ఏడుస్తున్న చిహారు కూడా నవ్వింది.

నవ్వులు సద్దుమణిగాక మినెకో గొంతు తగ్గించి అడిగింది. "ఆ హోటల్‌వాళ్ళకి ఏం చెబుతావే?"

"మా కొట్టులోనే మనిషి చాలడం లేదని చెబుతా."

చిహారు వంటగదిలోకి వెళ్ళి ఒక పుడ్డింగ్ బోర్లించి తెచ్చి అత్తగారి ముందు పెట్టింది. నలుగురిలో ఏదీ తినని మనిషి మినెకో. ఆ రోజు అందరి మధ్యా కుర్చీ లాక్కుని కూర్చుంది. చెంచా పళ్ళేనికి తగిలి టకటకమంది. చిహారు పట్టుకోబోతే, "వదులు, నేను తింటా" అంది. చివరి ముక్కదాకా తిని, వణికే చేతులు జోడించి, "గోచిసోసమ" అంది కోడలితో.

చిహారు కళ్ళు తుడుచుకుంటూ, "పాకం ఇంకొంచెం మాడాలా అత్తయ్యా?" అని అడిగింది.

"వద్దు" అంది మినెకో. "సరిగ్గా ఉంది."