రెండు అడ్డగీతలు

లిఫ్ట్ మెకానిక్‌కీ జిరాక్స్ షాపు అమ్మాయికీ మొదటి గొడవ రెండు గీతల గురించే.

ఆ అమ్మాయికి ఒక పట్టుదల ఉంది. ఎవరి గుర్తింపు కార్డు కాపీ తీసినా దాని మీద ఐమూలగా రెండు గీతలు గీసి, మధ్యలో ఏ పని నిమిత్తమో రాసి, తేదీ వేస్తే గానీ చేతికివ్వదు. పాడైన కాపీని అక్కడికక్కడే చింపేస్తుంది. ఎవరి కాపీనీ షాపులో ఉంచుకోదు.

"ఏ పని నిమిత్తం?" అంది పెన్ను తీసి.

"ఫ్రీగా క్రిప్టో కాయిన్లు ఇస్తున్నారండి. వెరిఫికేషన్‌కి కార్డు రెండు వైపులా కావాలట. కార్డు పట్టుకుని ఫొటో, తల అటూ ఇటూ తిప్పుతూ వీడియో కూడా."

"పెళ్లికొడుకుని కూడా ఇన్ని వైపుల నుంచి చూడరు. ఇంతకీ ఎవరిస్తున్నారు?"

"తెలీదండి. గీతలుంటే మాత్రం తీసుకోరట."

ఆమె మూతి ముడుచుకుని గీతల్లేని కాపీ ఇచ్చింది. నీలం తెర ముందు అతన్ని నిలబెట్టి, అతని ఫోన్‌తోనే ఫొటో తీసింది. కార్డు వంకరగా ఉందని చెయ్యి చాచి సరిచేస్తుంటే ఆమె ఆకుపచ్చ గోరు ఫొటో అంచున పడింది. ఇంకోటి తీస్తానంది. అక్కర్లేదన్నాడు.

కాయిన్లు రాలేదు. అతను మాత్రం రెండు నెలలు రోజూ వచ్చాడు. కరెంటు బిల్లుకీ, లిఫ్టు మాన్యువల్‌కీ, చివరికి తెల్ల కాగితానికి కూడా కాపీ తీయించుకున్నాడు. ముక్కూమొహం తెలియని వాళ్లకి పుట్టినరోజు, ఇంటి అడ్రసు, తల్లి పుట్టింటి పేరు ధారపోసిన మనిషి, ఇక్కడ మాత్రం "ఒక కాపీ అండి" దాటి ముందుకు పోలేకపోయాడు.

ఒక వాన మధ్యాహ్నం ఆమె తన ఫోన్ అతని ముందు పెట్టింది.

"మీరు గుండె డాక్టరని చెప్పలేదేం?"

"నేనా?"

"మా పిన్ని తెచ్చిన సంబంధం. ఫారిన్లో ఉంటాడట. పేరు వేరు, మొహం మీదే. వెరిఫికేషన్‌కి కావాలన్నాడని పిన్ని రేపు నా కార్డు కూడా పంపుతోంది."

ఆ ఫోన్‌లో ఉన్నది అతని ఫొటోనే. మెడలో స్టెతస్కోపు అంటించారు. చేతిలో కార్డు తీసేసి ఆసుపత్రి బ్యాడ్జి పెట్టారు. వెనక నీలం తెర అలాగే ఉంది, పక్కన ఆకుపచ్చ గోరూ అలాగే ఉంది.

"ఇది నేనేనండి. కానీ నేను కాదు."

"రోజూ వచ్చింది మా ఇంటి వివరాలు కనుక్కోడానికా?"

ఆమె గొంతు పెంచలేదు. అతనికి మాత్రం తీగ తెగిన లిఫ్టులో ఉన్నట్టయింది. కాయిన్ల వాళ్లకి ఆ ఫొటో పంపిన మెయిలు చూపిద్దామని తన ఫోన్ తీశాడు. తెర వెలిగింది.

వాల్‌పేపర్ మీద అదే ఫొటో. కార్డు లేదు, అతనూ లేడు. కత్తిరించి పెద్దది చేసుకున్న ఆకుపచ్చ గోరు ఒక్కటే ఉంది.

ఆమె దాన్ని చూసింది. మెయిలు చదవాల్సిన అవసరం ఆమెకు పెద్దగా కనిపించలేదు, అయినా తేదీతో సహా చదివింది.

"వాళ్లు అడిగిందల్లా ఇచ్చేశారు. నాకు పేరు కూడా మీ నోటితో చెప్పలేదు."

"భయమేసిందండి."

"వెయ్యాల్సిన చోట వెయ్యలేదు."

సాయంత్రం ఇద్దరూ వెళ్లి పోలీసు ఫిర్యాదు ఇచ్చారు. పిన్ని కార్డు పంపడం మానేసింది గానీ, చేతికందిన గుండె డాక్టరు పోయాడని రాత్రంతా వాపోయింది.

మర్నాడు అతను తన కార్డు కాపీ ఒకటి ఆమె ముందు పెట్టాడు. రెండు గీతలూ తనే గీశాడు, వంకరగా వచ్చాయి. మధ్యలో రాసుంది: "పెళ్లి నిమిత్తం మాత్రమే. వేరెవరికీ చెల్లదు."

ఆమె రెండుసార్లు చదివింది.

"తేదీ వెయ్యలేదు."

"అది మీ పిన్నిగారు వెయ్యాలి కదండీ."

ఆమె ఆ కాపీని చింపలేదు, తిరిగివ్వనూ లేదు. జాగ్రత్తగా మడిచి, సొరుగులో పెట్టి తాళం వేసుకుంది.