వెనక కట్టె

"ఓ పిల్లా! కట్టె ముట్టకు. రోడ్డు వంకరపోతది!"

రాజమణి వంగినది వంగినట్టే ఉండిపోయింది. ఒమన్‌లోని ఘుబ్రాలో కేరన్ మేడమ్ ఇంటి గేటుకు సరిగ్గా ఎదురుగా ఎవరో ఎరుపూ తెలుపూ రంగులేసిన కర్ర పాతి పోయారు. మేడమ్ పాపను తోపుడు బండిలో కూర్చోబెట్టి సాయంత్రం తిప్పుకురావడానికి బయలుదేరిన ఆమెకు దారి లేకుండా పోయింది. కర్ర పీకి పక్కన పెడదామనుకునేలోగా ఆ కేక.

తెలుగు కేక. అదీ తమ జగిత్యాల వైపు యాస. పాపను చూసుకునే పనికి ఒమన్ వచ్చి రెండేళ్లయింది. ఇంత గట్టిగా ఇంటి మాట వినడం ఇదే మొదలు.

"కట్టె మా గేటు ముందలనే పాతాల్నా? ఇంకేడ జాగ లేదా?" అంది లోపలి సంతోషం కనపడనీయకుండా.

రోడ్డవతలి నుంచి పసుపు టోపీ పెట్టుకున్న యువకుడొకడు నవ్వుతూ వచ్చాడు. "కొత్త రోడ్డు సర్వే నడుస్తున్నది. నేను చైన్‌మ్యాన్‌ను, కొలత గొలుసు పట్టేటోన్ని. పేరు గంగాప్రసాద్. గిది వెనక కట్టె. కొలత ఈడ షురువైతది. గిది జరిగితె అంతా జరుగుతది."

"కట్టెకే ఇంత గర్వమా?"

"తొమ్మిదేండ్ల సంది పట్టుకుంటున్న. నా కొలత తప్పిందని ఒక్క సారు గూడ అనలె." అని అతనే కర్ర తీసి పట్టుకుని, బండి పోయాక మళ్ళీ అదే గుంతలో నిలబెట్టాడు.

సర్వే నెలన్నర సాగింది. కర్ర రోజూ కొంత ముందుకు జరిగేది. గంగాప్రసాద్ మాత్రం సాయంత్రం డ్యూటీ దిగాక గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగేవాడు. ఆ నిమిషం పది నిమిషాలయ్యేది. ఊళ్లో ఏడో తరగతి దాకా చదివిన రాజమణి మాటకారి కాదు. అతను నవ్వించాలని చూస్తే నవ్వు ఆపుకునేది. ఆపుకోలేకపోయిన రోజు లోపలికి పోయి చాలాసేపు ఊరికే గిన్నెలు తుడిచేది.

ఆ నవంబరులో ఒకరోజు కేరన్ మేడమ్ చెప్పింది. శుక్రవారం అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందట. మేడమ్ భర్త మైక్ సార్ కంపెనీకీ సోహార్ నుంచి వచ్చే మరో కంపెనీకీ పోటీ. "నువ్వూ రావాలి రాజ్. పనికి కాదు. నువ్వు నా గెస్ట్‌వి" అంది.

ఆ సాయంత్రమే గంగాప్రసాద్ ఎగురుకుంటూ వచ్చాడు. "మా వాల్టర్ సారు రిఫరీ అట. నన్నూ కడప కమ్రాన్‌నూ గొలుసు పట్టుమన్నడు."

"అమెరికోళ్ల ఆటకు మీ గొలుసెందుకు?"

"ఒక జట్టుకు నాలుగు సార్లు చాన్సు. నాలుగిట్ల పది గజాలు ముందుకు పోవాలె. పోకుంటె బంతి అవతలోళ్లది. ఆ పది గజాల గొలుసు మాది. వెనక కట్టె నాది, ముందల కట్టె కమ్రాన్‌ది. నువ్వొస్తున్నవ్ గద?"

"నీ కట్టె సూడనీకె కాదు. మేడమ్ పిలిచింది, అందుకొస్తున్న."

శుక్రవారం రాజమణి ఆకుపచ్చ చీర కట్టుకుంది. గడ్డి లేని ఇసుక మైదానం. సున్నపు గీతలు. రెండు కొసల్లో సెంట్రింగ్ పైపులతో చేసిన గోల్‌పోస్టులు. గీత పక్కన మేడమ్‌లతో పాటు ఆమెకూ ఒక మడత కుర్చీ వేశారు. ఎవరో అట్ట గ్లాసులో జ్యూస్ చేతికిచ్చారు. ఒమన్‌లో ఆమె చేతికి ఇంకొకరు గ్లాసు అందించడం అదే మొదటిసారి. చీర కుచ్చిళ్లు సర్దుకుని, వీపు ఆనించకుండా, నిటారుగా కూర్చుంది.

ఆట మొదలైంది. తలలకు గిన్నెల్లాంటి టోపీలు, భుజాల కింద దిండ్లు. నీలం జట్టువాళ్లూ ఎర్ర జట్టువాళ్లూ పొట్టేళ్లలా ఎదురెదురుగా నిలబడి ఒక్కసారిగా ఢీకొన్నారు. బంతి పట్టుకున్న నీలం చొక్కా మైక్ సార్‌ది. ఆయన మీద ఒకడు పడ్డాడు, వాడి మీద ఇంకొకడు, ఆ పైన మరో ఐదుగురు.

"అయ్యో, సారు! లేపుండ్రి! సారు సచ్చిపోతడు!" రాజమణి లేచి నిలబడి అరిచేసింది.

కుర్చీలన్నీ ఆమె వైపు తిరిగాయి. కుప్ప కింది నుంచి మైక్ సార్ ఇసుక దులుపుకుంటూ లేచి చెయ్యి ఊపాడు. ఆడవాళ్లంతా నవ్వారు. మంచి నవ్వే, అయినా రాజమణి చెవులు కాలిపోయాయి.

విరామం వచ్చింది. గంగాప్రసాద్ కర్ర ఇసుకలో పాతి ఆమె దగ్గరికొచ్చాడు. "నీ ఒర్లుడుకు ఎర్ర జట్టోళ్లు భయపడ్డరు."

"పో అవతలికి. సిగ్గుతోని సస్తున్న."

"ఎండకు మొఖం వాడిపోయింది. ఆగు, సల్లటి విమ్టో తెస్త." వద్దనేలోగా వెళ్లిపోయాడు.

అప్పుడే పాప ఏడుపు ఎత్తుకుంది. మేడమ్ మాటల్లో ఉంది. గెస్ట్‌నన్న సంగతి రాజమణి చేతులకు గుర్తులేదు. బండి తోసుకుంటూ నీడకు బయలుదేరాయి. కుర్చీలకూ గీతకూ మధ్య సన్నటి దారి. ఆ దారి నడుమ గంగాప్రసాద్ కర్ర, ఇసుక మీద గొలుసు.

కొలిచే వస్తువును దాటకూడదు, తొక్కకూడదని ఇంట్లో నేర్పిన అలవాటు. ఇక బండి చక్రం దాని మీదుగా ఎలా పోనిస్తుంది? చుట్టూ చూసింది. అతను లేడు. పాప గుక్కపెడుతోంది. కర్ర మెల్లగా పీకి, గొలుసుతో సహా పక్కకు జరిపి, బండిని దాటించింది. కర్రను కళ్లకద్దుకుని మళ్ళీ గుంతలో నిలబెట్టింది. గుంత అదే అనుకుంది. పొద్దున్నుంచి ఆ ఇసుకలో అలాంటి గుంతలు ఎన్ని పడ్డాయో ఆమెకు తెలియదు.

ఆట మళ్ళీ మొదలైంది. నీలం జట్టుకు నాలుగో చాన్సు. మైక్ సార్ బంతిని గుండెకు హత్తుకుని ముగ్గుర్ని ఈడ్చుకుంటూ పోయి పడ్డాడు. పది గజాలు అయ్యాయా, లేదా? వాల్టర్ సార్ గొలుసు తెమ్మని చెయ్యి ఊపాడు.

లాగి చూస్తే బంతి రెండడుగులు తక్కువ. ఎర్ర జట్టు గంతులేసింది. కమ్రాన్ మాత్రం కదల్లేదు.

"ఏం గంగన్నా, ఇంతకుముందు గొలుసు బిగుతుగా ఉండె కదా. నేను నిలబడినచోటే నిలబడినా. ఇప్పుడు వదులెట్లా అయింది?"

ఆ మాట వాల్టర్ సార్‌కు అర్థం కాకపోయినా వదులు గొలుసు అర్థమైంది. ఆయనే కంపెనీలో సర్వే ఇంజనీరు. గంగాప్రసాద్ వైపు తిరిగాడు. "వెనక కర్ర ముందుకు కదిలింది. నువ్వు కదిపావా?"

"నో సార్" అనబోయి గంగాప్రసాద్ కుర్చీల వైపు చూశాడు. ఇసుకలో సన్నగా చక్రాల జాడ. దాని చివర బండి. బండి వెనక తల దించుకున్న రాజమణి.

"యస్ సార్. ఐ మూవ్. మై మిస్టేక్."

రాజమణి నోరు తెరిచింది. ఇప్పుడు నిజం చెబితే ఈ కుర్చీ, ఈ గ్లాసు, ఈ గెస్టు మర్యాద అన్నీ పోతాయి. ఆట చెడగొట్టిన ఆయాగా మిగిలిపోతుంది. నోరు మూసుకుంది.

వాల్టర్ సార్ కర్ర లాక్కుని ఇంకొకరికిచ్చాడు. ఆ చాన్సు మళ్ళీ ఆడమన్నాడు. ఈసారి మైక్ సార్ చేతిలోంచి బంతి జారింది. నీలం జట్టు ఓడిపోయింది. ఎవరో గంగాప్రసాద్‌ను చూసి ఈల వేసి గేలి చేశారు. అతను విమ్టో డబ్బా ఆమె కుర్చీ పక్కన ఇసుకలో పెట్టి, ముఖం వంక చూడకుండా పోయాడు.

రాజమణి మిగతా గంటంతా అదే కుర్చీలో కూర్చుంది. డబ్బా ముట్టలేదు. ఆ కుర్చీలో కూర్చుని ఉండటమే ఇప్పుడు సిగ్గుగా ఉంది. లేవడమూ సిగ్గుగానే ఉంది.

ఆట అయ్యాక పొయ్యిల మీద మాంసం కాల్చసాగారు. కంపెనీ పికప్ నడిపే భూమయ్య నిర్మల్ వైపు మనిషి, ఒమన్‌లో పదేళ్ల పాతకాపు. ఐసు పెట్టె దించుతూ ఆమె దగ్గర ఆగాడు.

"ఇన్నవా బిడ్డా? గంగాప్రసాద్‌ను ఇబ్రా సైటుకు పంపుతుండ్రు. చైన్‌మ్యాన్‌గ కాదు, లేబర్‌గ. మట్టి తట్టలు మొయ్యాలె. కట్టె ఎందుకు కదిపినవ్‌రా అంటె నోరిప్పడు. వాడు కట్టె కదిపె మనిషేనా?"

"ఎప్పుడు పోతడు కాకా?"

"గిప్పుడే. ఈ బండ్లనే."

రాజమణి లేచింది. వాల్టర్ సార్ పళ్లెం పట్టుకుని పదిమంది మధ్య కూర్చున్నాడు. ఆయన ముందుకెళ్లి "సర్" అంది. మొదటిసారి ఎవరికీ వినపడలేదు. రెండోసారి అందరికీ వినపడింది.

"సర్, స్టిక్ ఐ మూవ్. హీ నాట్ మూవ్. హీ గో ఫర్ మై డ్రింక్."

మోకాలికి ఐసు పెట్టుకున్న మైక్ సార్ తలెత్తాడు.

"రాజ్, నువ్వా?" అంది కేరన్ మేడమ్.

"యస్ మేడమ్. బేబీ క్రై. ఐ మూవ్, ఐ పుట్ బ్యాక్. రాంగ్ హోల్."

ఎవరో కిసుక్కున నవ్వారు. తిట్టినా అంత నొప్పి ఉండేది కాదు. రాజమణి కళ్లు నేలకు దించలేదు. దించితే ఏడుపు వస్తుందని తెలుసు.

వాల్టర్ సార్ నవ్వలేదు. గంగాప్రసాద్‌ను పిలిపించాడు. "కర్ర వదిలి పోవడం ఒక తప్పు. కొలత గురించి నాతో అబద్ధం చెప్పడం రెండో తప్పు. రెండోదే పెద్దది. ఇబ్రాకు పోవాల్సిందే, మూడు నెలలు." పళ్లెం పక్కన పెట్టాడు. "కానీ గొలుసు తీసుకుని పో. తట్ట కాదు."

పొద్దు కొండల వెనక్కి వాలుతోంది. పికప్ పక్కన గంగాప్రసాద్ బూట్లలో ఇసుక దులుపుకుంటున్నాడు. రాజమణి వచ్చి నిలబడింది.

"పదిమందిల నన్ను అబద్ధాలకోర్ను జేస్తివి గద" అన్నాడు.

"చేసిన."

"ఆ తప్పు నేను మోస్తుంటి గద. నీకేం కష్టమైంది?"

"నువ్వు మోస్తుంటె నేను గంటసేపు కుర్సిల కూసొని సూసిన. గది కష్టం గాదా?" గొంతు తగ్గించింది. "ఇంకోటి గూడ జెప్పాలె. నువ్వు నేనే అన్నప్పుడు నాకు భయం పోయింది. భయం పోయినంక సంతోషమైంది, నాకోసం ఒకలు అట్లన్నరని. నీ పని పోతుంటె నేను సంతోషపడ్డ. గదే అన్నిట్ల ఎక్కువ సిగ్గు."

గంగాప్రసాద్ దులుపుతున్న బూటు కింద పెట్టాడు.

"నా సిగ్గు గూడ విను మరి. నిన్ను కాపాడాల్నని ఏం ఆలోచన చెయ్యలె. తల దించుకున్న నీ మొఖం సూడబుద్ధి గాలె, గంతె. గొలుసు యాదికే రాలె. తొమ్మిదేండ్ల చైన్‌మ్యాన్‌ను!"

ఆమెకు నవ్వొచ్చింది. ఈసారి ఆపుకోలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

భూమయ్య స్టీరింగు ముందు నుంచి తల బయటపెట్టాడు. "అయిందా, ఇంకా ఉన్నదా? బిడ్డా, మీ నాయిన పేరేంది?"

"ఎందుకు కాకా?"

"మూడు నెలలు వీడు ఇబ్రాల నా పానం తింటడు. దాని కంటె మీ నాయినకు ఒక ఉత్తరం రాసుడు అల్కగ. రాద్దునా, వద్దా?"

రాజమణి ఇసుక వైపు చూస్తూ తండ్రి పేరు చెప్పింది. తర్వాత ఊరి పేరు. ఆ తర్వాత ఎవరూ అడగకుండానే పోస్టాఫీసు, మండలం, జిల్లా, పిన్‌కోడు అంకెలతో సహా గడగడా చెప్పేసింది.

"ఆగు బిడ్డా, ఆగు! కాయితం తియ్యనియ్యి!"

ఆమె ఆగింది. అద్దం వెనక కాగితమూ పెన్నూ కనపడ్డాక, మళ్ళీ మొదటి నుంచి, నెమ్మదిగా చెప్పింది.