ఏడో గదిలో ఇద్దరు

మాంసం దాచే ఆ కోల్డ్ స్టోరేజీలో ఏడో గది మాటెత్తితే చాలు, పనివాళ్ళంతా మొహాలు చిట్లించేవారు. భయంతో కొంత... రోతతో చాలా.

భయం సంగతి తర్వాత. ముందు రోత సంగతి చెప్పేస్తా, నా కడుపులో ఆగదు. ఒక వేసవిలో ఆ గదికి కరెంటు పోయింది. పోయిందని చూసుకున్న నాథుడు లేడు. తలుపు తీసేసరికి లోపలి మాంసమంతా కుళ్ళి, కారి, నేలంతా బంక. ఎత్తి పోశారు, కడిగారు, మందులు చల్లారు. కంపు వదిలితే ఒట్టు! చివరికి తాళం వేసి ఊరుకున్నారు. ఆ గది పనివాళ్ళని మాత్రం ఏ గదిలో పనుంటే ఆ గదికి తోలేవారు.

వాళ్ళల్లో ఒకతను ఎప్పుడూ ఉన్ని టోపీతో తిరిగేవాడు. టోపీ అనే పిలిచేవారు. ఒక రాత్రి ఆ టోపీ చలికి గడ్డకట్టి పోయాడు. ఆ ఏడో గది వాళ్ళల్లో మిగిలినవాళ్ళు హడలిపోయి మానేశారు. ఇక అప్పట్నుంచి మొదలైంది...

గేటు గదిలో గోడకి ఒక తెర ఉంది. ఏ చల్లగదిలో ఎంతమంది ఉన్నారో చూపిస్తుంది. పనివాళ్ళందరూ ఇళ్ళకి పోయి, గదులన్నీ సున్నాకి వచ్చాక కూడా ఏడో గది పక్కన 'ఒకరు' అని వెలుగుతూనే ఉండేది. రాత్రంతా... ప్రతి రాత్రీ.

తాళం వేసిన గదిలో — ఒకరు!

ఇదంతా మా మరిది నాకు చెప్పిందే, నేను కళ్ళారా చూసింది కాదు. అయితే వాడికి అబద్ధం చెప్పడం చేతకాదు, చెబితే చెవులు ఎర్రబడిపోతాయి. ఆ పొద్దున వాడు ఇంటికొచ్చినప్పుడు గుమ్మంలోనే ఆపేశాను. అబ్బబ్బ, ఏం కంపు! "వదినా, కాస్త కూర్చోనియ్యి, కాళ్ళు వణుకుతున్నాయి" అన్నాడు. "ముందు ఆ చొక్కా బయట పారేసి నెత్తిమీద నాలుగు చెంబులు కుమ్మరించుకో, తర్వాత వణుకుదువు గాని" అన్నాను. తర్వాత కూర్చుని మొత్తం చెప్పాడు.

మా వాడి పని ఏమిటంటే, ఒక చోట పోగుపడిన సమాచారాన్ని ఇంకో చోటికి చేర్చడం. ఆ కోల్డ్ స్టోరేజీలో ప్రతి గది తలుపు దగ్గరా లోపలికెళ్తూ ఒకసారి, బయటికొస్తూ ఒకసారి కార్డు తాకించాలి. తాకించినప్పుడల్లా ఆ ముక్క డేటాబేస్‌లో పడుతుంది. అక్కడి నుంచి తోడి తెర మీదికి పంపాలి. తోడేదాన్ని ఇన్‌పుట్ అంటారట. కంప్యూటర్లో చూస్తే చిన్న డబ్బా బొమ్మ. ఏ డేటాబేస్‌లోకి వెళ్ళాలి, ఏం పాస్‌వర్డు, ఏమని అడగాలి, వచ్చినవాటిని ఏ గళ్ళలో ఏ వరుసలో పెట్టాలి — ఇవన్నీ ఆ డబ్బాకి పూసగుచ్చినట్టు చెప్పాలి.

పాత తెర తీసేసి పెద్ద తెర పెట్టుకుంటున్నారు. ఎవరో పెద్దలొచ్చి ప్రారంభిస్తారట, ఆర్భాటం! దానికి డబ్బా కొత్తగా అమర్చమని మా వాణ్ణి పిలిచారు. పగలు లారీల హడావుడిలో డేటాబేస్ ముట్టుకోనివ్వరు కాబట్టి రాత్రే చెయ్యాలి.

గేటు గదిలో వాడికి తోడు కాపలా ముసలాయన. అందరూ గేటు బాబాయ్ అంటారు. మనిషి మంచివాడేనట గాని, చెవిలో పుల్ల తిప్పుకుని, ఆ పుల్లని దీపం వెలుగులో చూసుకుని, పంచెకి తుడుచుకుని, అదే చేత్తో మా వాడికి టీ ఇచ్చాడట. ఛీ! తాగావట్రా అంటే మాట మార్చేస్తాడు.

పనివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. తెర మీద గదులు ఒక్కొక్కటే సున్నా అయ్యాయి. బాబాయ్ అలవాటుగా తలెత్తి చూశాడు... చూసి, అలాగే ఉండిపోయాడు.

"బాబూ... అటు చూడు."

ఏడో గది — ఇద్దరు.

"రోజూ ఒకడేగా..." అన్నాడు ముసలాయన. "తోడు తెచ్చుకున్నాడు..."

అప్పుడే ఆయన ఫోను మోగింది. ఆడపిల్ల గొంతు. "తాతా, అమ్మ బయల్దేరిందా? ఫోను ఎత్తడం లేదు." బాబాయ్ తడబడుతూ, "వెళ్ళిపోయి ఉంటుందమ్మా, వచ్చేస్తుందిలే" అని పెట్టేశాడు.

"ఎవరి అమ్మ?" అన్నాడు మా వాడు.

"ఫినాయిలక్క అంటారు. గదులు కడుగుతుంది... టోపీ పెళ్ళాం. ఆయన పోయాక ఆ ఉద్యోగమే ఈవిడకి ఇచ్చారు."

మా వాడు లేచి, పనివాళ్ళు బూట్లు మార్చుకునే బల్ల దగ్గరికెళ్ళి వంగి చూశాడు. బల్ల కింద ఒక జత ఆడవాళ్ళ చెప్పులు, పట్టీ తెగితే పిన్నీసు పెట్టినవి. రబ్బరు బూట్లు లేవు.

అంటే మనిషి లోపలే ఉంది!

"ఆయనే పిలుచుకున్నాడు..." అని గొణిగాడు బాబాయ్. "పోనీ బాబూ, మనకెందుకు..."

మనకెందుకట! ఆ మాట విన్నప్పుడు నాకు ఆ కుళ్ళిన మాంసం కంటే ఎక్కువ రోత పుట్టింది. మా వాడు ముసలాయన రెక్క పట్టి లేపి, ఏడో గది తాళంచెవి తీయించి, ఈడ్చుకుపోయాడు.

తాళం తిరిగింది... తలుపు కదిలింది...

గుప్పుమంది కంపు. మొహం మీద తడిగుడ్డ వేసి నొక్కినట్టుందట. టార్చి వేస్తే గోడల నిండా నల్లటి బూజు. నేల మీద కాలు పెడితే జారుతోంది, తీస్తే అంటుకుంటోంది. కాలువ మూత దగ్గర తెల్లగా ఏవో మెదులుతున్నాయి... పురుగులు. "అక్కా!" అని పిలిచాడు. పలుకు లేదు. మూల మూలకీ టార్చి తిప్పాడు. మనిషి లేదు, నీడ లేదు. బయటికొచ్చి గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు.

వెనక్కొచ్చి చూస్తే తెర మీద మళ్ళీ అదే.

ఏడో గది — ఇద్దరు.

మిగతా గదుల తలుపులన్నీ వరసగా బాదుకుంటూ పోయాడు. చెవి ఆనించి విన్నాడు. జానెడు మందం తలుపులు, పైన మెషీన్ల హోరు... ఏం వినపడుతుంది? అవి తాళంచెవితో వచ్చేవి కావు. రాత్రయ్యాక వాటంతటవే బిగుసుకుంటాయి. తీయాలంటే మేనేజరు ఫోన్లో నుంచే తీయాలి.

మేనేజరుకి ఫోన్ చేశాడు. ఆ మహానుభావుడు అన్నం తింటూ ఎత్తాడు. నములుడు చప్పుడంతా చెవిలోనే.

"ఏ గదో చెప్పు, ఆ ఒక్కటీ తీస్తా. అన్నీ తెరిస్తే సరుకు పాడవుతుంది, ఎవడిస్తాడు? తెర ఏడంటోందా? చూశారుగా, ఎవరూ లేరు."

"ఆవిడ చెప్పులు ఇక్కడే ఉన్నాయి సార్..."

"కొత్తవి కొనుక్కుందేమో."

ఏమంటారు చెప్పండి ఇలాంటివాణ్ణి? మనిషి మాంసమైతే సరుకు కిందికి రాదు కాబోలు!

మా వాడు కంప్యూటరు ముందు కూలబడ్డాడు. లోపల ఒక మనిషి గడ్డకట్టుకుపోతోంది. ఎక్కడో తెలియదు. తెలిసినది ఒక్క డేటాబేస్‌కే. తెర మాట పక్కన పెట్టి, కంప్యూటర్లో నేరుగా దాన్నే అడిగాడు — లోపలికెళ్ళి బయటికి రానివాళ్ళెవరు?

రెండు పేర్లు వచ్చాయి.

"బాబాయ్... ఇవి ఎవరి పేర్లు?"

ముసలాయన కళ్ళజోడు సర్దుకుని వంగాడు. కింది పేరు చూసి, "ఫినాయిలక్క" అన్నాడు. పైపేరు మీద వేలు పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"అది... అది టోపీ పేరు బాబూ..."

మా వాడు ఆ పేరు మళ్ళీ చదివాడు. చచ్చిన మనిషి... ఇంకా లోపలే ఉన్నాడు. దేవుడా అనుకుంటూనే పేర్ల పక్కన అంకెలు చూశాడు. ఇద్దరికీ అవే — ఏడు, మూడు. ఒకటి కాదు, రెండు అంకెలు!

గబగబా ఈ తెరని నడిపే పాత డబ్బా తెరిచాడు. డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలో వరుస ఇదీ: మనిషి పేరు, ఆ మనిషి ఏ గది పనివాడు, ఇప్పుడు ఏ గదిలోకి వెళ్ళాడు. డబ్బాలో గళ్ళ వరుస చూస్తే: పేరు, వెళ్ళిన గది, సొంత గది. తారుమారు! ఎవడో మహానుభావుడు ప్రశ్న మార్చి, గళ్ళు మార్చకుండా చేతులు దులుపుకుపోయాడు. ఆ డబ్బాకి గళ్ళ పేర్లు పట్టవు, వరుస ఒక్కటే ముఖ్యం. మన వంటింట్లో డబ్బా మీద పంచదార అని రాసి ఉప్పు పోస్తే డబ్బా అరుస్తుందా? ఇదీ అంతే. రెండూ అంకెలే కాబట్టి కిమ్మనకుండా మింగేసింది.

మరి ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదా అంటే... ఎలా తెలుస్తుంది? మిగతా అందరూ ఎవరి గదిలో వాళ్ళే పనిచేస్తారు. సొంత గదీ, వెళ్ళిన గదీ ఒకటే అంకె. గది మూతపడి, తలో చోటికీ తిరిగేది ఏడో గది వాళ్ళే. వాళ్ళు ఎక్కడున్నా తెర ఏడనే చూపిస్తుంది. పగలు లారీల హడావుడిలో తెర వంక చూసేవాడెవడు?

రెండు గళ్ళూ అటుదిటూ ఇటుదటూ మార్చి నడిపించాడు. తెర ఒక్కసారి ఆరి వెలిగింది.

మూడో గది — ఇద్దరు.

"మూడు తీయండి సార్! మూడు!" అని ఫోన్లో అరిచాడు. "ఖాయమేనా?" అన్నాడా నములుడుగాడు. మా మరిది పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒకణ్ణి బండబూతులు తిట్టాడట. ఏం తిట్టావురా అంటే చెప్పడు. మొత్తానికి తలుపు క్లిక్కుమంది.

లోపల కొక్కేలకి వేలాడే మాంసం మధ్యలో ఒక మూట... కదిలింది. ఆవిడే. మాంసానికి చుట్టిన నెత్తురు గుడ్డలు విప్పుకుని, ఒకదాని మీద ఒకటి ఒళ్ళంతా చుట్టుకుని కూర్చుంది. పెదాలు నీలంగా ఉన్నాయి, కనురెప్పల మీద మంచు. లోపల్నుంచి తలుపు తీసే పిడి ఊడి ఒక్క మర మీద వేలాడుతోంది. లాగి లాగి ఆవిడ గోళ్ళు చిట్లిపోయాయి.

భుజాన వేసుకుని గేటు గదికి తెచ్చి, దుప్పట్లు కప్పి, వేడినీళ్ళు పట్టారు. అంబులెన్సుకి చెప్పారు. ఆవిడ కార్డు కూడా మా వాడే బయటికి తాకించాడు. అలవాటు ప్రాణం కదా!

తెర మీద అంకె మారింది.

మూడో గది — ఒకరు.

దుప్పట్లోంచి ఫినాయిలక్క దాన్నే చూస్తోంది.

"ఎవరు తమ్ముడూ... ఇంకా?"

మా వాడు చెప్పలేక చెప్పాడు. మీ ఆయనేనక్కా. ఆ రాత్రి లోపలికి కార్డు తాకించారు, బయటికి తాకించలేదు. పొద్దున్నే మోసుకొచ్చారు గాని, ఆయన కార్డు సంగతి ఎవరికీ పట్టలేదు. ఈ తెర అడ్డదిడ్డంగా మూడుని ఏడని చూపించింది, అంతే...

ఆవిడ బాబాయ్ వైపు తిరిగింది. "మూడో గదిలో దొరికాడన్నారు. ఎవరికీ చెప్పకుండా వెళ్ళాడు, మాకు తెలిసే దారే లేదన్నారు. ఆ రాత్రి తెర మీద ఏడు పక్కన ఒకరని పడిందా బాబాయ్?"

ముసలాయన తలొంచుకున్నాడు. "పడింది తల్లీ..."

"ఎప్పుడు?"

"నేను డ్యూటీకి ఎక్కగానే. తీసి చూశా... ఎవరూ లేరు. భయమేసి తాళం వేసేసి... ఇక్కడే కూర్చున్నా."

"తెల్లారగట్ల పోయాడని డాక్టరు చెప్పాడు" అంది ఫినాయిలక్క.

చూశారా! దెయ్యం దెయ్యం అని ఈయన వణుకుతూ కూర్చున్న ఆ రాత్రంతా పక్కనే ఒక మనిషి తలుపు బాదుతున్నాడు, బతికే ఉన్నాడు!

అప్పటికి ఊడిపడ్డాడు మేనేజరు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ఆవిడ వంక ఒకసారి చూసి, తెర వంక చాలాసేపు చూశాడు.

"ఆ ఒక్కటీ తీసెయ్ బాబూ. పెద్దలొస్తున్నారు, చూడ్డానికి బాగోదు. ఆ పేరు రాకుండా ప్రశ్నలో ఒక ముక్క కలిపితే సరిపోతుందటగా?"

ఫినాయిలక్క గోడ పట్టుకుని లేచింది. నడవలేకపోతోంది. అయినా రెండడుగులు వేసి, మేనేజరు మెరిసే బూట్ల మీద తుపుక్కున ఉమ్మింది. అంత అసహ్యాల మధ్య నాకు అసహ్యమనిపించనిది అదొక్కటే.

మా వాడు సరిచేసిన డబ్బానే కొత్త తెరకి తగిలించి, కంప్యూటరు మూసి సంచిలో పెట్టేసుకున్నాడు. ఏ ముక్కా కలపలేదు.

పెద్దలు రానే వచ్చారు. ఫినాయిలక్క వేళ్ళకి కట్లతో, కూతురి భుజం పట్టుకుని, పనివాళ్ళ వరుసలో నిలబడిందట. పెద్ద తెర మీద పరదా తీశారు. చప్పట్లు కొట్టారు. గదులన్నీ సున్నా... వచ్చిన పెద్దాయన కళ్ళు చికిలించి చూసి, నవ్వుతూ అడిగాడట.

"మూడో గదిలో ఎవరో ఉన్నట్టున్నారే, ఎవరండీ?"

మేనేజరు రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. వెనక వరుసలోంచి వినపడింది —

"మా ఆయనండీ. ఇంకా బయటికి రాలేదు."