బోర్డు మీద గంధం

"నేను రాశాను సార్, ఒట్టు!"

డిటెక్టివ్ కృపానందం గదిలోకి వస్తూనే రేవతి ఏడ్చేసింది. ఆమె మచిలీపట్నంలో ఒక రొయ్యల షెడ్డుకి సూపర్‌వైజరు. అక్కడ బోర్డు మీద పెయింటుతో రాసిన ప్రతి ఇంగ్లీషు మాట కిందా సుద్దముక్కతో తెలుగు అర్థం రాస్తుంది. నిన్న 'క్వారంటైన్' కింద అర్థం లేదు. పరీక్ష తేలేదాకా విడిగా ఉంచాల్సిన పెట్టెలు లారీ ఎక్కేశాయి. అదృష్టం బాగుండి లారీని గుడివాడలో ఆపారు గానీ, తప్పు రేవతి నెత్తిన పడింది. సాయంత్రానికి ఉద్యోగం ఊడేలా ఉంది.

అసిస్టెంటు ఏంజెల్‌కి మనసు చివుక్కుమంది. ముగ్గురూ వెంటనే షెడ్డుకి బయల్దేరారు.

"ఆవిడ రాయలేదంతే," అన్నాడు మేనేజరు ధర్మారావు. "నిన్న నేను బోర్డు వైపే వెళ్లలేదు."

కృపానందం బోర్డుకి ముక్కు ఆనించి వాసన చూశాడు. ఏంజెల్ కూడా చూసింది. ఖాళీ జాగాలో లేత పసుపు మరక. రొయ్యల కంపులోనూ సన్నని సువాసన.

"సుద్ద తెల్లగా ఉంటుంది కదండీ?" అందామె. ఆయన నవ్వి, పెట్టెలు ఎక్కించినవాళ్ల వైపు నడిచాడు.

పెట్టెలు ఎక్కించిన పెద్దింట్లమ్మ కొత్తగా పనిలో చేరింది.

"ఆ మాటకి అర్థం ఏమనుకున్నావమ్మా?"

"కరోనా మాటే కదండీ! మూతులకి గుడ్డలు కట్టుకుని మరీ ఎక్కించాం."

"నిన్న ఎవరైనా వచ్చారా?"

"సరుకు కొనేవాళ్లొచ్చారండీ. దండలు, గంధం, అన్నీ మేనేజరుగారే చూసుకున్నారు. మా చేతులు కంపని గంధం గిన్నె ముట్టుకోనివ్వలేదు."

కృపానందం అందర్నీ బోర్డు ముందుకి పిలిచాడు.

"ఇక్కడ అర్థం ఉండేది. గంధం అంటిన చేత్తో ఎవరో తుడిచారు. నిన్న గంధం గిన్నె పట్టుకున్నది ఒక్కరే. ఎందుకు తుడిచారు ధర్మారావుగారూ?"

ధర్మారావు తల దించుకున్నాడు. "వాళ్లు లోపలికి వస్తున్నారండీ. మా వాళ్లకి ఇంగ్లీషు రాదనుకుంటారని నామోషీ వేసింది. వాళ్లు వెళ్లాక రాయిద్దామనుకుని మర్చిపోయాను. రేవతీ, క్షమించమ్మా. నీ ఉద్యోగానికి ఢోకా లేదు."

"అర్థం రాయడం నామోషీ కాదండీ," అన్నాడు కృపానందం. "తెలియకపోయినా తెలిసినట్టు తలూపించడమే ప్రమాదం."

ధర్మారావే సుద్దముక్క తెచ్చి రేవతి చేతికిచ్చాడు. ఆమె రాసింది: 'విడిగా ఉంచాలి. లారీ ఎక్కించకూడదు.' రాస్తుంటే కళ్లు తుడుచుకోవడానికి రెండుసార్లు ఆగింది.

పెద్దింట్లమ్మ లోపలికెళ్లి నిన్నటి గంధం గిన్నె తెచ్చింది. కృపానందం దగ్గరికొచ్చి ఆగిపోయింది. "చేతులు కంపండీ..."

ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి ముంజేయి చాపాడు. "పుయ్యమ్మా."

ఆయన పక్కనే ఏంజెల్ కూడా చెయ్యి చాపింది.